నలిగిన కోటు వేసుకొచ్చిన నాయకుడు

చిన్నతెర డిటెక్టివ్‌లు – 5వ భాగం

కిందటి భాగంలో 1950ల అమెరికా ఇళ్లలోకి తొంగి చూశాం. ‘డ్రాగ్‌నెట్’లో సార్జెంట్ జో ఫ్రైడేగా జాక్ వెబ్ ముక్తసరిగా ప్రశ్నలడిగి ముక్తసరిగా కేసు ముగించడం, పీటర్ గన్ జాజ్ సంగీతం మధ్య ఇస్త్రీ చెదరని సూటులో తిరగడం, ‘77 సన్‌సెట్ స్ట్రిప్’లో సినిమా తారల్లాంటి కుర్రాళ్లు కార్లలో షికార్లు కొట్టడం చూశాం. మనుషులు వేరైనా మూస ఒకటే. పొడగరి, అందగాడు, తుపాకీ తీయడంలో దిట్ట, ఎవరి ముందూ తడబడనివాడు. డిటెక్టివ్ అంటే అలాగే ఉండాలని నెట్‌వర్క్‌ల పెద్దలు తీర్మానించుకున్నారు. ప్రేక్షకులకూ అదే కావాలని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకం పదేళ్లలో తలకిందులైంది. 1968 – 1978 మధ్య ఒక పొట్టివాడు, ఒక భారీకాయుడు, ఒక గుండువాడు, చక్రాల కుర్చీలో తిరిగే ఒక పోలీసు పెద్ద, జైలుకెళ్లొచ్చిన ఒక ప్రైవేటు డిటెక్టివ్, అరవై దాటిన ఒక ముసలాయన అమెరికాలో ఇంటింటి హీరోలయ్యారు. ఈ భాగం ఆ కథే. అందులో సింహభాగం ఒక్కడిది. అతను లాస్ ఏంజెలెస్ పోలీసు హత్యల విభాగంలో పనిచేసే లెఫ్టినెంట్ కొలంబో.

కథ మొదలైంది మాత్రం లాస్ ఏంజెలెస్‌లో కాదు, ఫిలడెల్ఫియాలో. 1946లో అక్కడి ఒక బడిలో రిచర్డ్ లెవిన్సన్, విలియమ్ లింక్ అనే ఇద్దరు పిల్లలు కలిశారు. ఇద్దరికీ గారడీ అంటే ఇష్టం, అపరాధ పరిశోధన కథలంటే ప్రాణం. అప్పుడు కలిసిన ఆ జంట లెవిన్సన్ చనిపోయేదాకా విడిపోలేదు. కలిసే చదివారు, కలిసే రాశారు. 1960లో హాలీవుడ్ రచయితలు సమ్మెకు దిగారు. స్క్రిప్టులు రాయడానికి వీల్లేకపోయింది. చేతులు ముడుచుకు కూర్చోవడం ఇష్టం లేక వీళ్లు పత్రికలకు కథలు రాశారు. వాటిలో ఒకటి హిచ్‌కాక్ పేరుతో వెలువడే మిస్టరీ పత్రికలో అచ్చయింది. భార్యను చంపి, ఆమె ఇంకా బతికే ఉన్నట్టు అందరినీ నమ్మించబోయిన భర్త కథ అది. అదే ఏడాది జూలైలో దాన్ని గంట నాటకంగా మార్చి ఎన్‌బీసీ నెట్‌వర్క్‌కు ఇచ్చారు. హంతకుణ్ణి పట్టుకునే పోలీసుకు కొలంబో అని పేరు పెట్టారు. ఆ వేషం వేసింది బెర్ట్ ఫ్రీడ్. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఇద్దరూ కథను వదల్లేదు. 1962లో ‘ప్రిస్క్రిప్షన్: మర్డర్’ పేరుతో రంగస్థలానికి ఎక్కించారు. హంతకుడైన మానసిక వైద్యుడి పాత్రకు పేరున్న నటుడు జోసెఫ్ కాటన్‌ను తీసుకున్నారు. నాటకానికి నాయకుడు ఆయనే అనుకున్నారు. కొలంబోగా వేసింది థామస్ మిచెల్, ‘గాన్ విత్ ద విండ్’లో స్కార్లెట్ తండ్రిగా నటించిన పెద్దాయన. తీరా ఆడితే జనం చూపంతా ఆ ముసలి పోలీసు మీదే. రాసినవాళ్లు హంతకుడికి వేసిన పీటను జనం తీసుకెళ్లి డిటెక్టివ్‌కు వేశారు. అదే ఏడాది డిసెంబరులో మిచెల్ కన్నుమూశాడు. నాటకం బ్రాడ్‌వే దాకా వెళ్లలేదు.

కొలంబో అనగానే గుర్తొచ్చే ఒక అలవాటు ఉంది. ప్రశ్నలన్నీ అయిపోతాయి, సెలవు తీసుకుంటాడు, గుమ్మం దాటుతాడు. హంతకుడు గట్టిగా ఊపిరి పీల్చుకునే సరికి మళ్లీ తలుపు తీసుకుని లోపలికొచ్చి, ఇంకొక్క సంగతి మిగిలిపోయిందంటాడు. అసలు ప్రశ్న అప్పుడొస్తుంది. ఇంత పకడ్బందీ ఎత్తుగడ ఎంత ఆలోచిస్తే పుట్టి ఉంటుందో అనిపిస్తుంది. లింక్ చెప్పిన ప్రకారం జరిగింది వేరు. నాటకంలో ఒక రంగం బాగా చిన్నదైపోయింది. కొలంబో అప్పటికే బయటికెళ్లిపోయాడు. టైపు చేసిన కాగితాలన్నీ మళ్లీ మొదటి నుంచి కొట్టే ఓపిక లేక, వెళ్లినవాణ్ణే వెనక్కి రప్పించారు.

1968లో యూనివర్సల్ స్టూడియో ఆ నాటకాన్ని టెలివిజన్ సినిమాగా తీయడానికి సిద్ధపడింది. రచయితలు వయసు మళ్లిన నటుడి కోసం వెతికారు. లీ జె. కాబ్‌ను అనుకున్నారు, కుదరలేదు. గాయకుడు బింగ్ క్రాస్బీకి స్క్రిప్టు పంపారు. బాగుంది గానీ తన గోల్ఫ్‌కు అడ్డొస్తుందని ఆయన కబురంపాడట. అప్పుడు నలభయ్యేళ్ల పీటర్ ఫాక్ ఆ పాత్ర తనకివ్వమని పట్టుబట్టాడు.

ఫాక్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. కొలంబోలో సగం ఆయన జీవితమే. మూడేళ్ల వయసులో క్యాన్సర్ వల్ల కుడి కన్ను తీసేశారు. గాజు కన్నుతోనే పెరిగాడు. బడిలో బేస్‌బాల్ ఆడుతుంటే అంపైర్ తప్పుగా ఔటిచ్చాడని ఆ గాజు కన్ను తీసి, ఇది పెట్టుకో, నీకే అవసరమని చేతికిచ్చిన గడుసు పిల్లవాడు. ఓడల్లో వంటవాడిగా పనిచేశాడు. సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలన మీద మాస్టర్స్ చేశాడు. కనెటికట్ రాష్ట్ర బడ్జెట్ కార్యాలయంలో ఉద్యోగం. పొద్దున ఆఫీసు, సాయంత్రం నాటకాలు. పెద్ద పెద్ద స్టూడియోల తలుపులు తట్టినప్పుడు, అదే డబ్బుకు రెండు కళ్లున్న నటుడు దొరుకుతాడని ఒక స్టూడియో అధిపతి ముఖం మీదే అన్నాడట. తర్వాత అదే హాలీవుడ్ అతణ్ణి వరసగా రెండేళ్లు ఆస్కార్‌కు నామినేట్ చేసింది.

కొలంబో వేషానికి స్టూడియో దుస్తుల విభాగం తెచ్చిన కోటు ఫాక్‌కు నచ్చలేదు. 1966లో న్యూయార్క్‌లో వాన పడుతుంటే 57వ వీధిలో ఒక దుకాణంలో దూరి, పదిహేను డాలర్లు పెట్టి కొనుక్కున్న సొంత రెయిన్‌కోటు ఇంట్లో ఉంది. అదే తెచ్చుకుని వేసుకున్నాడు. వాన అరుదుగా పడే లాస్ ఏంజెలెస్‌లో, మండే ఎండలో, ఏళ్ల తరబడి ఆ కోటుతోనే తిరిగాడు. కారు కూడా ఆయనే ఏరుకున్నాడు. స్టూడియో షెడ్డులో ఒక మూల పడి ఉన్న 1959 నాటి ప్యూజో 403, రంగు వెలిసిపోయి, డొక్కుగా. సహాయకుడిగా ఒక కుర్ర పోలీసును పెట్టమని పైవాళ్లు ఒత్తిడి చేస్తే ఒప్పుకోలేదు. 1972లో ఒక బాసెట్ హౌండ్ కుక్క వచ్చింది. ఇప్పటికే కోటు, చుట్ట, కారు ఉన్నాయి, ఇంకా కుక్క ఎందుకని ఫాక్ మొదట వద్దన్నాడు. కదలడానికే బద్ధకించే ఆ కుక్కను చూశాక మనసు మార్చుకున్నాడు. దానికి పేరు పెట్టలేదు. ధారావాహిక పొడుగునా అది ‘కుక్క’ మాత్రమే.

మొదటి సినిమా 1968 ఫిబ్రవరి 20న ప్రసారమైంది. ఆ ఏడాది అమెరికాకు పీడకల. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య, జూన్‌లో రాబర్ట్ కెన్నెడీ హత్య. ఆగస్టులో షికాగోలో డెమొక్రాట్ల మహాసభ బయట పోలీసులు యువకులను లాఠీలతో చితకబాదడం టెలివిజన్ కెమెరాలు దేశమంతటికీ చూపించాయి. 1965 అల్లర్లలో వాట్స్ పేట తగలబడిన జ్ఞాపకం లాస్ ఏంజెలెస్‌లో ఇంకా పచ్చిగానే ఉంది. వియత్నాం నుంచి శవపేటికలు వస్తూనే ఉన్నాయి. జో ఫ్రైడే 1967లో మళ్లీ తెరకెక్కి, చట్టం గురించి కుర్రకారుకు గట్టిగా పాఠాలు చెబుతున్నాడు. వినేవాళ్లు విన్నారు. యూనిఫాం అంటేనే అనుమానం పుట్టిన తరానికి మాత్రం ఇంకో రకం పోలీసు కావలసి వచ్చింది.

తెర మీద హింస ఎక్కువైందన్న గొడవ కూడా అప్పుడే ముదిరింది. కాల్పులు తగ్గించాలని నెట్‌వర్క్‌ల మీద ఒత్తిడి. కొలంబో తుపాకీ పట్టడు. ఎవరినీ వెంటాడి కొట్టడు. ప్రతి కథలో ఒక హత్య, ఒక్కోసారి రెండు. మిగతాదంతా మాటే. కాలం అడిగినది అతని దగ్గర ముందే సిద్ధంగా ఉంది.

అయినా ఏడాదికి ఇరవై పైచిలుకు కథలు తీసే చక్రంలో ఇరుక్కోవడానికి ఫాక్ ఇష్టపడలేదు. దానికి విరుగుడుగా ఎన్‌బీసీ, యూనివర్సల్ కలిసి ఒక కొత్త పద్ధతి పెట్టాయి. ‘మిస్టరీ మూవీ’ అన్న ఒకే పేరు కింద మూడు ధారావాహికలు వంతులవారీగా వస్తాయి. ఒక వారం కొలంబో, ఒక వారం న్యూ మెక్సికో నుంచి టోపీతో సహా న్యూయార్క్‌లో దిగిన పల్లెటూరి మార్షల్ మెక్‌క్లౌడ్, ఇంకో వారం ‘మెక్‌మిలన్ అండ్ వైఫ్’ దంపతులు. కొలంబో వంతు ఏడాదికి ఏడెనిమిది మాత్రమే. గంటన్నర సినిమాలా ఒక్కో కథ తీరుబడిగా చెక్కే వీలు దొరికింది. 1971 సెప్టెంబరు 15న వచ్చిన తొలి కథ రాసింది స్టీవెన్ బాచ్‌కో, తీసింది ఇరవైనాలుగేళ్ల స్టీవెన్ స్పీల్‌బర్గ్. రెండో ఏడాది నుంచి ఆదివారం రాత్రికి మారింది. అప్పట్లో దేశం మొత్తానికి పెద్ద నెట్‌వర్క్‌లు మూడే. చీకట్లో టార్చిలైటు పట్టుకుని నడిచొచ్చే మనిషి, వెనక హెన్రీ మాన్సినీ సంగీతం. అది వినబడగానే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరేవారు.

కథ చెప్పే తీరు కూడా తిరగేసిందే. హంతకుడెవరో మొదటి పావుగంటలోనే చూపించేస్తారు. ఎలా చంపాడో, అబద్ధపు సాక్ష్యం ఎలా అల్లుకున్నాడో అంతా మనకు తెలుసు. ఇలా చెప్పడం 1912లోనే ఆంగ్ల రచయిత ఆస్టిన్ ఫ్రీమన్ పుస్తకంలో మొదలుపెట్టాడు. కొలంబో నడకకు మాత్రం రచయితలు ఎంచుకున్న ఆదర్శం ‘నేరము శిక్ష’లోని పోర్ఫిరీ పెట్రోవిచ్. దోస్తోయెవ్‌స్కీ సృష్టించిన ఆ విచారణాధికారి కూడా పొంతన లేనట్టు మాట్లాడుతూ రస్కోల్నికోవ్‌ను ముప్పతిప్పలు పెడతాడు. హీరో తొలి ఇరవై నిమిషాలు తెర మీదే కనబడడని నెట్‌వర్క్‌వాళ్లు బెంగపడ్డారు. నిజానికి ఆ ఇరవై నిమిషాలే కొలంబో బలం. హంతకుడి ఐశ్వర్యం, తెలివి, పొగరు అన్నీ అప్పుడే కళ్లారా చూస్తాం. ఇక వీడికి తిరుగులేదనుకున్నప్పుడు, నలిగిన కోటులో ఒకడు పెన్సిల్ కోసం జేబులు తడుముకుంటూ గుమ్మంలోకి వస్తాడు.

1973 అక్టోబరులో వచ్చిన ఒక కథను దగ్గరగా చూద్దాం. ఏడ్రియన్ కార్సీనీ వైన్ అంటే ప్రాణం పెట్టేవాడు. ఆ పాత్ర వేసింది డొనాల్డ్ ప్లెజన్స్. తను పెంచి పోషించిన వైన్ తయారీశాలను సవతి తమ్ముడు అమ్మేస్తానంటాడు. ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చి అతణ్ణి కొట్టి, కట్టేసి, సీసాలు దాచే నేలమాళిగలో వదిలి, ఏసీ ఆపేసి న్యూయార్క్ వెళ్లిపోతాడు. గాలాడక తమ్ముడు చనిపోతాడు. తిరిగొచ్చాక సముద్రంలో ఈత ప్రమాదంలా సర్దేస్తాడు. కొలంబోకు వైన్ గురించి ఏమీ తెలియదు. వెళ్లి నేర్చుకుంటాడు, శ్రద్ధగా, ఇష్టంగా. గురువుకు శిష్యుడి మీద మమకారం పుడుతుంది. చివర్లో కార్సీనీని, అతని కార్యదర్శిని హోటల్లో భోజనానికి పిలుస్తాడు. వెయిటర్ తెచ్చిన పాత పోర్ట్ వైన్ ఒక్క గుక్క తాగి కార్సీనీ మండిపడతాడు. ఇది వేడికి పాడైపోయింది, ఇలాంటిది ఎలా పోస్తారని అరుస్తాడు. ఆ సీసా అతని నేలమాళిగలోదే. కొలంబో చెప్పకుండా తెచ్చి పెట్టించాడు. ఏసీ ఆగిన వారంలో ఊరు ఎండకు మాడిపోయింది, లోపలి వైనంతా పాడైంది. ఆ సంగతి గుర్తుపట్టగల నాలుక హంతకుడిదే. అతని పాండిత్యమే అతనికి ఉరితాడు. అరెస్టు చేసి తీసుకెళ్తూ, కొలంబో దారిలో డొక్కు కారు ఆపి ఒక మంచి వైన్ సీసా తీస్తాడు. ఇద్దరూ తాగుతారు. బాగా నేర్చుకున్నావని కార్సీనీ మెచ్చుకుంటాడు. డిటెక్టివ్ కథల్లో ఇంత మర్యాదగా ముగిసిన అరెస్టు నేనింకోటి చూడలేదు.

ఈ ధారావాహిక ఎందుకంత హత్తుకుందంటే చాలామంది కోటు, చుట్ట, కారు అని చెబుతారు. నా లెక్కలో అసలు కారణం డబ్బు. కొలంబో హంతకుల్లో దాదాపు అందరూ కొండల మీద బంగళాల్లో ఉండేవాళ్లు. సర్జన్లు, సంగీత దర్శకులు, రచయితలు, పెద్ద వకీళ్లు. ఆ ఇళ్లలోకి నెల జీతం మీద బతికే ఒక ఉద్యోగి వెళ్తాడు. ఈ బూట్లు ఎంత పెట్టి కొన్నారండీ, ఇంత ఇంటికి పన్ను ఎంత కడతారండీ అని అడుగుతాడు. తెర మీద ఎప్పుడూ కనబడని ‘మా ఆవిడ’ ముచ్చట్లు చెబుతాడు. వీడెంతలే అని వాళ్లు చిన్నచూపు చూస్తారు. చూడనిస్తాడు. పనివాణ్ణి తక్కువ అంచనా వేసే అలవాటే వాళ్ల కొంప ముంచుతుంది. సోమవారం పొద్దున్నే ఫ్యాక్టరీకో ఆఫీసుకో వెళ్లి అధికారి మాట పడాల్సిన కోట్లమందికి ఆదివారం రాత్రి అది న్యాయంలా అనిపించింది. అది విచిత్ర వేషం మీద మోజు కాదు, తమలాంటివాడు గెలిచాడన్న తృప్తి.

1974 మే 5న వచ్చిన కథలో హంతకుడు సాక్షాత్తూ కొలంబో పై అధికారి, డిప్యూటీ పోలీసు కమిషనర్. అతను ఒక దొంగను ఇరికించడానికి ఆ దొంగ గదిలో నగలు రహస్యంగా పెడతాడు. తీరా చూస్తే ఆ గది దొంగది కాదు, కొలంబో సొంతంగా అద్దెకు తీసుకున్నది. ఆ చిరునామా పై అధికారికి మాత్రమే దొరికేలా చేసి ఉచ్చు పన్నాడు. ఆ నెలల్లో దేశమంతా వాటర్‌గేట్ కుంభకోణం గురించే మాట. మూడు నెలలు తిరిగాక అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాడు. పైవాడు తప్పు చేస్తే కిందివాడు ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ కథలో సూటి జవాబుంది.

మూస దాటినవాడు కొలంబో ఒక్కడే కాదు, మిగతా నెట్‌వర్క్‌లూ ఊరుకోలేదు. 1967 నుంచే ఎన్‌బీసీలో రేమండ్ బర్ చక్రాల కుర్చీలోంచి కేసులు తేలుస్తున్నాడు. సీబీఎస్ 1971లో ‘కానన్’ తెచ్చింది. అందులో హీరో విలియమ్ కాన్రాడ్ భారీకాయుడు. ఆయన వెనక ఒక చేదు కథ ఉంది. 1952 నుంచి 1961 దాకా రేడియోలో ‘గన్‌స్మోక్’ మార్షల్ మాట్ డిలన్ గొంతు ఆయనదే. దాన్ని టెలివిజన్‌కు మార్చినప్పుడు ఆకారం పనికిరాదని పక్కనపెట్టి, పొడగరి జేమ్స్ ఆర్నెస్‌కు పాత్ర ఇచ్చారు. ఏ శరీరం చూసి కాదన్నారో అదే శరీరంతో, అదే నెట్‌వర్క్‌లో, ఆయన ఐదేళ్లు హీరోగా నిలిచాడు. 1973లో అరవై దాటిన బడ్డీ ఎబ్సన్ పాలగ్లాసు పట్టుకుని బార్నబీ జోన్స్‌గా వచ్చాడు. ఏబీసీ ఒక అంధ పరిశోధకుణ్ణి తెచ్చింది, ఒక్క ఏడాదికే ఆగిపోయింది. వింత ఉంటే చాలనుకున్నవాళ్లకు జనం ఇచ్చిన తీర్పు అది.

గట్టి పోటీ ఇచ్చినవాళ్లు ఇద్దరే. టెలీ సవాలస్ న్యూయార్క్ పోలీసు కోజాక్. గ్రీకు వలస కుటుంబం, నున్నటి గుండు, సిగరెట్ తగ్గించుకోవడానికి నోట్లో లాలీపాప్. పైకి సరదాగా కనిపించే ఈ పాత్ర పుట్టుక చాలా బరువైనది. 1963లో మన్‌హటన్‌లో ఇద్దరు యువతులు హత్యకు గురయ్యారు. ఆ కేసులో పంతొమ్మిదేళ్ల నల్లజాతి యువకుడితో పోలీసులు బలవంతంగా నేరం ఒప్పించారు. ఆ ఉదంతం ఆధారంగా ఏబీ మాన్ రాసిన టెలివిజన్ సినిమాలో, సొంత శాఖ చేసిన అన్యాయాన్ని ఎదిరించే పోలీసుగా 1973 మార్చిలో కోజాక్ తొలిసారి కనిపించాడు.

రెండోవాడు 1974లో ఎన్‌బీసీలోనే వచ్చిన జిమ్ రాక్‌ఫర్డ్. జేమ్స్ గార్నర్ వేసిన ఈ ప్రైవేటు డిటెక్టివ్ చేయని నేరానికి జైల్లో ఉండి, క్షమాభిక్షతో బయటికొచ్చాడు. మాలిబూ తీరంలో పాత ట్రైలర్‌లో కాపురం. ఫీజు రోజుకు రెండొందల డాలర్లు, ఖర్చులు అదనం. చాలాసార్లు ఆ డబ్బు చేతికి రాదు. తుపాకీ బిస్కెట్ల డబ్బాలో పడి ఉంటుంది. తన్నులు తింటాడు, నొప్పి అంటాడు, ప్రమాదమని తెలిస్తే తప్పుకుందామని చూస్తాడు. లారీ నడిపి రిటైరైన తండ్రి రాకీ, ఇంకేదైనా మంచి పని చూసుకోరా అని పోరుతుంటాడు. ఆ తండ్రీకొడుకుల మాటలు ఇప్పుడు చూసినా పక్కింట్లో విన్నట్టే ఉంటాయి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మూస బద్దలైందన్నాం గానీ సగమే బద్దలైంది. లావైనా, ముసలైనా, గుండైనా హీరో కుర్చీ దాదాపు తెల్లజాతి మగవాడిదే. లెవిన్సన్, లింక్ 1973లో ‘టెనఫ్లై’ అని నల్లజాతి ప్రైవేటు డిటెక్టివ్ కథ సృష్టించారు. జేమ్స్ మెక్‌యెచిన్ హీరో. భార్యాపిల్లలతో సాదాసీదాగా బతికే మనిషి. దానికి కొద్ది కథలకే తెరపడింది. టెరీసా గ్రేవ్స్ పోలీసుగా చేసిన ‘గెట్ క్రిస్టీ లవ్’ ఒక్క ఏడాదే నడిచింది. వాళ్లకూ కొలంబోకు దొరికినంత వ్యవధి దొరికి ఉండాల్సింది.

తెర వెనక ఫాక్‌కూ స్టూడియోకూ మధ్య తగాదా ఏళ్ల తరబడి నడిచింది. తొలి ఏడాదే తనకు దర్శకత్వం ఇవ్వాలని పట్టుబట్టి, ఆరోగ్యం బాగాలేదని షూటింగ్ మానేశాడు. చివరికి భవన నిర్మాణ స్థలంలో జరిగే కథ ఒకటి ఆయన చేతికిచ్చారు. 1974లో డబ్బు దగ్గర మళ్లీ పేచీ. కొన్నేళ్లలో ఒక్కో కథకు ఆయన పారితోషికం లక్ష డాలర్లు దాటింది. జీతం రాళ్ల ఉద్యోగిగా కనిపించే ఆ మనిషి టెలివిజన్‌లో అత్యధికంగా తీసుకునే నటుల్లో ఒకడయ్యాడు. ఆ తగాదాల మధ్యే 1978 మే 13న ఎన్‌బీసీలో చివరి కథ ప్రసారమైంది. పదకొండేళ్ల తర్వాత ఏబీసీ అతణ్ణి మళ్లీ పిలిచింది. 2003లో ముగిసేసరికి మొత్తం 69 కథలయ్యాయి.

1968 – 1978 మధ్య ఆ పదేళ్లలో తెలుగువాళ్లకు డిటెక్టివ్ అంటే అద్దె పుస్తకాల షాపుల్లో దొరికే కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైందే 1977లో. మన ఇళ్లకు టీవీ వచ్చేసరికి అక్కడ కొలంబో మొదటి ఆట ముగింపుకొచ్చింది. కానీ లెవిన్సన్, లింక్‌ల కలం ఆగలేదు. 1984లో పీటర్ ఫిషర్‌తో కలిసి వాళ్లు ఒక విధవరాలిని, చిన్న ఊళ్లో కథలు రాసుకునే పెద్దావిడను డిటెక్టివ్‌ను చేశారు. ఆమె పన్నెండేళ్లు నడిచింది. 1985లో మన దూరదర్శన్‌లో క్యారెట్ కొరుకుతూ ఇంకొకాయన దిగాడు. జెస్సికా ఫ్లెచర్, కరంచంద్ – వచ్చే భాగంలో ఈ ఇద్దరి కథ. కరంచంద్‌ను ఆ రోజుల్లో చూసినవాళ్లు మీ ఇంట్లో ఉంటే, ఈలోగా వాళ్ల జ్ఞాపకాలు అడిగి ఉంచండి.